మీ సూది 1700 కిలోమీటర్లు నడిచింది

ప్రశ్న: మూడేళ్ల కిందట టర్న్‌టేబుల్ కొన్నాను. బెల్టుతో తిరిగే రకం, సూది నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంది. కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టి ఉంచే భాగం, దానితో వచ్చిందే, ఆడియో-టెక్నికా వీఎం95ఈ. ఆంప్లిఫయర్ వెనక కూడా ఫోనో సాకెట్లు ఉన్నాయి కానీ ఎప్పుడూ వాడలేదు. రోజూ రాత్రి గంటన్నర వింటాను. ఆరేడు నెలలుగా ప్రతి వైపూ చివరి పాటకు వచ్చేసరికి గాయని పలికే 'స', 'శ' అక్షరాలు ఇసుక మీద ఈడ్చినట్టు గరగరమంటున్నాయి. సీడీతో పోలిస్తే శబ్దం తగ్గి వినిపిస్తోంది. పాటకూ పాటకూ మధ్య సన్నటి గుంయ్ మనే మోత కూడా ఉంది. రికార్డుల పిచ్చి ఉన్న మా మిత్రుడు, "ఆ లోపలి ప్రీయాంప్ దండగ. వాల్వులతో చేసిన విడి ప్రీయాంప్ తెచ్చుకో, దానికి డెనాన్ డీఎల్-103 అనే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ తగిలించు" అంటున్నాడు. రెండూ ఒకేసారి కొనలేను. ముందు ఏది కొనమంటారు? మూవింగ్ కాయిల్ నిజంగా అంత గొప్పదా? ఇంకొక్క మాట: తాతగారి 78 రికార్డులు ఓ పెట్టెడు ఉన్నాయి. వాటినీ ఇదే సూదితో వినవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ ప్రశ్నల కంటే ముందు నాకు కంటపడింది "రోజూ రాత్రి గంటన్నర" అన్న మాట. ప్రయాణాలూ జ్వరాలూ చుట్టాలొచ్చిన రోజులూ తీసేసి ఏడాదికి 300 రోజులు విన్నారనుకుందాం. ఏడాదికి 450 గంటలు, మూడేళ్లకు 1350. మీ వీఎం95ఈ కొసన ఉన్నది ఎలిప్టికల్, అంటే అండాకారపు కొస ఉన్న సూది. దానికి తయారీదారు చెప్పే ఆయుష్షు సుమారు 300 గంటలు. సూది మార్చినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అంటే ఒక్క జన్మలో నాలుగున్నర జన్మల చాకిరీ చేయించారు.

గంటల్లో చెబితే అంతగా తెలియదు కాబట్టి దూరంలో చెబుతాను. ఎల్పీ మీద గాడి సగటున సెకనుకు 36 సెంటీమీటర్ల వేగంతో సూది కింద నుంచి సాగిపోతుంది. 1350 గంటలకు లెక్క కట్టండి, 1700 కిలోమీటర్లు దాటుతుంది. వజ్రం గట్టిదే, వినైల్ మెత్తదే. కానీ రెండు గ్రాముల బరువు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలిచే రెండు చుక్కల మీద ఆనినప్పుడు ఆ ఒత్తిడి మామూలుది కాదు, గాడిలోని దుమ్ము గరుకు కాగితంలా పనిచేస్తుంది. గుండ్రంగా ఉండవలసిన కొసకు రెండు పక్కలా చదునైన పలకలు పడతాయి. మంచి భూతద్దం ఉంటే, దీపాన్ని పక్క నుంచి పట్టి చూడండి. కొత్త సూది మీద వెలుగు చిన్న చుక్కలా ఉంటుంది, అరిగిన దాని మీద రెండు మెరిసే గీతల్లా కనిపిస్తుంది. పదిరెట్ల భూతద్దం చాలదు, యాభై రెట్లయినా కావాలి. కంటికి ఏమీ తేడా లేదని ధైర్యం తెచ్చుకోవద్దు.

ఇక గరగర చివరి పాటలోనే ఎందుకు? రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, బయటి అంచునా అంతే, లోపలా అంతే. కానీ బయటి చుట్టు పెద్దది, లోపలి చుట్టు చిన్నది. అంచు దగ్గర గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు సాగితే, చివరి పాట దగ్గర 21 సెంటీమీటర్లే సాగుతుంది. లెక్క సులువుగా ఉండేందుకు 10 కిలోహెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు పదివేల అలలు, తీసుకుందాం. బయట ఒక్కో అల 51 మైక్రాన్ల పొడవు, లోపల 21 మైక్రాన్లు. అదే అల సగానికి పైగా నలిగి ఇరుకున దూరిందన్నమాట. గుండ్రటి కోనికల్ సూది కొస వ్యాసార్ధం దాదాపు 15 మైక్రాన్లు. మీ ఎలిప్టికల్ సూది పక్క అంచు 7, 8 మైక్రాన్లు. 21 మైక్రాన్ల అలలోని ఒంపుల్లోకి అది కొత్తగా ఉన్నప్పుడే ఒద్దికగా దూరాలి. పలకలు పడ్డాక దూరలేదు, ఒంపులను కోసుకుంటూ పైపైన దొర్లుతుంది. 'స', 'శ' అక్షరాల బలం ఎక్కువగా పై స్వరాల్లోనే ఉంటుంది కాబట్టి మొదట దెబ్బతినేవి అవే. 'మ' ఎప్పుడూ ఫిర్యాదు చేయదు.

ఇంకొక సంగతి గమనించండి. సూది రికార్డు అంచున ఉందో, నడిమికి వచ్చిందో ప్రీయాంప్‌కు తెలియదు. దానికి అందేవి తీగలోంచి వచ్చే మిల్లీవోల్టులే. మొదటి పాటలో శుభ్రంగా ఉండి, పోను పోను ముదిరి, ఆఖరి పాటలో భరించలేనంతగా తయారయ్యే జబ్బుకు ప్రీయాంప్‌ను అనుమానించడం దారిన పోయేవాడి మీద దొంగతనం మోపడమే.

ఆ పని నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఇదే గరగరకు మందు అనుకుని బరువైన విడి ప్రీయాంప్ ఒకటి కొన్నాను. ఇనుప డబ్బా, ముందు నీలి దీపం. మొదటి వారమంతా "అబ్బ, గొంతు ఎంత విచ్చుకుందో" అని వచ్చినవాళ్లందరికీ వినిపించాను. నిజంగానే విచ్చుకున్నట్టు వినిపించింది, డబ్బు పెట్టిన చెవి అది. ఓ సాయంత్రం ఒక పెద్దాయన రెండు పాటలు మౌనంగా విని, "సూది ఎప్పుడు మార్చారు?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సూది మార్చాను, గరగర పోయింది. అయితే ఆ అరిగిన సూదితో నేను ఎక్కువసార్లు వాయించిన రికార్డు ఒకటి ఉంది. కొత్త సూదితోనూ దాని ఆఖరి పాటలో 'శ' ఇప్పటికీ చిరుగుతూనే ఉంటుంది. అరిగిన సూది చెడ్డగా వినిపించడంతో ఊరుకోదు, గాడి గోడలను చెక్కేస్తుంది. అందుకే కొత్తది చేతికి వచ్చేదాకా మీకు ఇష్టమైన రికార్డులు బయటికి తీయకండి. వినకుండా ఉండలేకపోతే, పోయినా బాధ లేనివి వినండి.

నా మాట నమ్మనవసరం లేకుండా, డబ్బు ఖర్చు లేకుండా తేల్చుకునే మార్గం ఒకటి మీ ఇంట్లోనే ఉంది. మీ దగ్గర ఇప్పటికే రెండు ప్రీయాంప్‌లు ఉన్నాయి: ఒకటి టర్న్‌టేబుల్ కడుపులో, రెండోది ఆంప్లిఫయర్‌లో. ఆంప్లిఫయర్ ఆపేసి, టర్న్‌టేబుల్ వెనక ఉండే చిన్న స్విచ్చును లైన్ నుంచి ఫోనోకు మార్చి, తీగలను ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్లకు తగిలించండి. సన్నటి ఎర్త్ తీగ ఉంటే దాన్ని ఆ సాకెట్ల పక్కనున్న మరకు బిగించండి. స్విచ్చు మార్చడం మరిచి లైన్ లోనే ఉంచి ఫోనో సాకెట్లకు కలిపితే ఒక ప్రీయాంప్ మీద ఇంకొక ప్రీయాంప్ ఎక్కి అంతా బొంగురుపోయి బద్దలైనట్టు వినిపిస్తుంది. అందుకని వాల్యూము పూర్తిగా తగ్గించి మొదలుపెట్టండి. ఇప్పుడు అదే చివరి పాట, అదే పాదం వినండి. వాల్యూము రెండిటికీ సమానంగా ఉండేలా చూసుకోవాలి. కాస్త పెద్దగా మోగేదే మంచిదని చెవి ఎప్పుడూ మోసపోతుంది. కంచు తాళాల మెరుపులో, కింది స్వరాల బిగువులో చిన్న తేడా ఉండవచ్చు. గరగర మాత్రం అక్కడే, అదే అక్షరం మీద ఉంటుంది. ఆ చిన్న తేడాయే ఒక ప్రీయాంప్ మార్చితే వచ్చే మార్పుకు నమూనా. విడిగా మంచిది కొంటే ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

సరే, సూది. మీ అదృష్టమేమిటంటే వీఎం95 వరసలో కార్ట్రిడ్జ్ ఒంటికి సూది విడిగా వస్తుంది. కింది భాగాన్ని మెల్లగా లాగితే ఊడుతుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. మర విప్పే పని లేదు. ఆ వరసలోని సూదులన్నీ ఒకే ఒంటికి సరిపోతాయి: కోనికల్, మీ దగ్గరున్న ఎలిప్టికల్, దానికే ఇంకాస్త నాణ్యమైన నగ్నవజ్రం రకం (వజ్రాన్నే నేరుగా కడ్డీకి అతికినది), మైక్రోలీనియర్, షిబాటా. షిబాటా ఆకారం 1970ల్లో నాలుగు చానళ్ల రికార్డుల కోసం జపాన్‌లో పుట్టింది. ఆ రికార్డులు పోయాయి, సూది మిగిలింది.

మీకు నేను చెప్పేది మైక్రోలీనియర్. దాని పక్క అంచు వ్యాసార్ధం 3 మైక్రాన్లు. పైన చెప్పిన 21 మైక్రాన్ల అలను తలుచుకోండి, ఎలిప్టికల్ తలుపు తట్టే చోట ఇది గది లోపల తిరుగుతుంది. గాడి గోడను నిలువునా ఒక సన్నని గీతలా తాకుతుంది కాబట్టి బరువు చుక్క మీద కాకుండా గీత పొడవునా పంచుకుంటుంది, అందుకే దీని ఆయుష్షు తయారీదారు లెక్కలో 1000 గంటలు. మీ వాడకానికి ఎలిప్టికల్ సూది ఎనిమిది నెలలకే అరుగుతుంది, ఇది రెండేళ్లు దాటుతుంది. ధర ఎక్కువే, కానీ గంటల మీద పంచి చూస్తే ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. పాత సూది గాడిని ఏ ఎత్తులో చెక్కిందో, కొత్త ఆకారపు సూది చాలాసార్లు అంతకు పైనో కిందో చెక్కుచెదరని గోడను తాకుతుంది. పోయాయనుకున్న రికార్డులు కొన్ని తేరుకోవచ్చు. అన్నీ తేరుకోవు.

కానీ ఈ సూదికి పంతం ఎక్కువ. అమర్చడంలో కొద్దిపాటి వంకర ఉన్నా కోనికల్ సర్దుకుపోతుంది, ఇది సర్దుకుపోదు. కాబట్టి సూది మార్చిన రోజు ఒక గంట దీనికే కేటాయించండి. ఆర్మ్, అంటే కార్ట్రిడ్జ్‌ను మోసే చెయ్యి, సూది మీద వేసే బరువు చూసే చిన్న తూనిక ఒకటి తెచ్చుకోండి, ఆర్మ్ వెనక గుండ్రటి బరువు మీది అంకెలను నమ్మవద్దు. ఈ సూదికి 2 గ్రాములు, అటూ ఇటూ 0.2 వరకు ఫరవాలేదు. తక్కువ బరువు రికార్డుకు మంచిదని చాలామంది అనుకుంటారు. అది తలకిందులు ఆలోచన. బరువు చాలకపోతే సూది గాడిలో ఎగిరెగిరి పడుతుంది, పడ్డ చోటల్లా గోడకు దెబ్బ.

తరువాత కోణం. ఆర్మ్ ఒక ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి సూది గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రికార్డు మీద రెండే రెండు చోట్ల. ఎక్కువమంది పాటించే అమరికలో ఆ చోట్లు కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్లు, 121 మిల్లీమీటర్లు. గీతలు గీసిన అట్ట, అంటే ప్రొట్రాక్టర్, పళ్లెం మీద పెట్టి, సూది కొసను ఆ చుక్క మీద దించి, పై నుంచి చూడాలి. ఇక్కడే అందరూ ఒక పొరపాటు చేస్తారు: కార్ట్రిడ్జ్ డబ్బా అంచులను గీతలతో కలుపుతారు. చూడవలసింది డబ్బాను కాదు, సూదిని మోసే వెంట్రుకంత అల్యూమినియం కడ్డీని. అది డబ్బాలో ఒక్కోసారి కాస్త పక్కకు అతికి ఉంటుంది. దీపం వెనక నుంచి పడేలా పెట్టి, ఒక కన్ను మూసి, ఆ కడ్డీ నీడ గీతలో కలిసిపోయేదాకా హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్‌ను బిగించే ఆర్మ్ కొస) మరలు వదులు చేసి కార్ట్రిడ్జ్‌ను ముందుకూ వెనక్కూ జరపాలి. మొదటిసారి చెమట పడుతుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోకండి. నా మొదటి కార్ట్రిడ్జ్ కడ్డీని విరిచింది నా చొక్కా అంచే.

ఇది చేశాక కూడా, ఎక్కువసార్లు వాయించని రికార్డు మీద ఒక పక్క స్పీకరులోనే గరగర వస్తే ఆర్మ్‌ను లోపలికి లాగే బలానికి విరుగుడైన యాంటీ-స్కేట్ సరిచూడండి. బరువు అంకె ఎంతో దీనిదీ దాదాపు అంతే పెట్టి మొదలుపెట్టడం వాడుక.

శబ్దం తగ్గి వినిపించడం జబ్బు కాదు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టులు పంపుతుంది. మీ కార్ట్రిడ్జ్ ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. ప్రీయాంప్ దాన్ని 40 డెసిబెల్స్, అంటే వంద రెట్లు పెంచినా 0.4 వోల్టే. వాల్యూము మీట ఇంకాస్త తిప్పండి, అందుకే పెట్టారు దాన్ని.

గుంయ్ మనే మోతకు మాత్రం చిన్న వేట కావాలి. మోటారు ఆపి, సూది పైకెత్తి, ఎప్పుడూ వినే వాల్యూములో చెవి పెట్టండి. ఆర్మ్ లోహాన్ని వేలితో తాకితే మోత మారిందంటే ఎర్త్ తీగ సమస్య. సూది కిందికి దించకుండానే ఆర్మ్‌ను నెమ్మదిగా పళ్లెం మీదుగా నడిమికి జరిపినప్పుడు మోత పెరుగుతూ పోతే, కార్ట్రిడ్జ్ ఏదో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. ఆంప్లిఫయర్ టర్న్‌టేబుల్‌కు ఆనుకుని ఉంటే అరమీటరు దూరం జరపండి. చాలా ఇళ్లలో మోత అక్కడితో పోతుంది.

ఇప్పుడు మీ మిత్రుడి మాటకు వద్దాం. ప్రీయాంప్ పని పెంచడం ఒక్కటే అయితే దాని గురించి ఇంత చర్చ ఉండేది కాదు. రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి కోస్తారు. తగ్గించకపోతే కింది స్వరాలకు గాడి అటూ ఇటూ ఊగి చోటంతా తినేస్తుంది. పెంచకపోతే పై స్వరాలు రికార్డు బుసలో మునిగిపోతాయి. ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఒక ప్రమాణం పెట్టింది, అదే ఆర్‌ఐఏఏ వక్రరేఖ. ప్రీయాంప్ దాన్ని తలకిందులు చేసి, 20 హెర్ట్జ్‌కూ 20 కిలోహెర్ట్జ్‌కూ మధ్య దాదాపు 40 డెసిబెల్స్ తేడాను సరిదిద్దాలి. ఈ వక్రరేఖను ఎంత కచ్చితంగా పాటించింది, ఎంత తక్కువ బుస కలిపింది, గీత మీద టప్‌మన్నప్పుడు ఉక్కిరిబిక్కిరి కాకుండా ఎంత త్వరగా తేరుకుంది: మంచి ప్రీయాంప్‌ను మామూలు దాన్నుంచి వేరు చేసేవి ఇవే. చివరిది ఎవరూ పెద్దగా చెప్పరు కానీ నాకు అదే ముఖ్యం. నాసిరకం ప్రీయాంప్‌లో ప్రతి టప్ తోక పట్టుకుని సాగుతుంది. మంచిదానిలో అది టప్‌మని అక్కడే ఆగిపోతుంది. రికార్డు అదే, గీత అదే.

మీ కార్ట్రిడ్జ్ విషయంలో ఇంకొకటి ఉంది, ఇది ఖరీదు కాదు, శ్రద్ధ. మీది మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్, అంటే సూదితో పాటు అయస్కాంతం కదిలే రకం. అది చూసే కెపాసిటెన్స్‌లో (తీగలు విద్యుత్తును కొంత పట్టి ఉంచే గుణంలో) మూడు భాగాలుంటాయి: ఆర్మ్ లోపలి తీగ, బయటి కేబుల్, ప్రీయాంప్ ముఖద్వారం. మూడూ కూడితే మీ కార్ట్రిడ్జ్‌కు 100 నుంచి 200 పికోఫారడ్లు ఉండాలని తయారీదారు సూచన. దానిలోని తీగచుట్ట ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. 150 పికోఫారడ్లతో అది సుమారు 17.5 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం చేస్తుంది, చెవికి పెద్దగా అందని చోటు. పొడవాటి కేబుల్ వేసి 350 చేశారనుకోండి, ఆ అనునాదం 11.5 కిలోహెర్ట్జ్‌కు దిగివస్తుంది. అక్కడ ఒక ఉబ్బు, ఆపైన జారుడు. 'స'కు కొత్తగా ఒక పదును వస్తుంది, గాలిలాంటి పై స్వరాలు పోతాయి. మీరు లోపలి ప్రీయాంప్ వాడినంతకాలం ఈ బాధ లేదు, తీగ జానెడే. ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్లకు మారితే మాత్రం పొట్టి కేబుల్ వాడండి. విడి ప్రీయాంప్ కొనే రోజున కెపాసిటెన్స్ మార్చుకునే చిన్న స్విచ్చులు ఉన్నవాటి వైపు చూడండి. గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచాలో, మార్చుకునే వీలు, వంకర రికార్డులకు స్పీకరు కోన్‌లు ఊగిపోకుండా 20 హెర్ట్జ్ కింద కోసేసే ఫిల్టరు కూడా ఉంటే నా దృష్టిలో అది నీలి దీపం కంటే విలువైనది.

మూవింగ్ కాయిల్ గొప్పదా? మంచి మూవింగ్ కాయిల్ గొప్పదే. దానిలో సూదితో పాటు కదిలేది అయస్కాంతం కాదు, తీగచుట్ట. కదిలే భాగం చాలా తేలిక, తీగచుట్ట చిన్నది, కెపాసిటెన్స్ గొడవ ఉండదు. కానీ మీ మిత్రుడు చెప్పిన డీఎల్-103ను మీ ఫిర్యాదు పక్కన పెట్టి చూడండి. 1960ల్లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే అవసరాల కోసం రూపొందించినది, ఇప్పటికీ తయారవుతోంది, దాని గొంతులోని నిండుతనం అంటే నాకూ ప్రేమే. కానీ దాని సూది కోనికల్. మీ బాధ లోపలి గాడుల్లో. కంటి జబ్బుకు చెవి డాక్టరు ఎంత గొప్పవాడైతే ఏం లాభం?

ఇంకా ఉంది. అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్టులు, మీ కార్ట్రిడ్జ్‌లో పదమూడో వంతు. దానికి 60 డెసిబెల్స్ గెయిన్, అంటే వెయ్యి రెట్లు కావాలి. మీ రెండు ప్రీయాంప్‌లూ మూవింగ్ మాగ్నెట్‌కు తయారైనవే అయితే దాన్ని మోయలేవు. వాల్యూము చివరిదాకా తిప్పితే పాటతో సమానంగా బుస వస్తుంది. ఒకటికి పది చుట్ల ట్రాన్స్‌ఫార్మర్ ముందు పెట్టి 20 డెసిబెల్స్ తెచ్చుకోవచ్చు, అది మరో ఖర్చు, మోతకు మరో ద్వారం. పైగా అది బిర్రుగా ఉండే కార్ట్రిడ్జ్, 2.5 గ్రాముల బరువు అడుగుతుంది, బరువైన ఆర్మ్ మీద కుదురుగా ఉంటుంది. తయారీదారు చెప్పే ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశికి (ఎఫెక్టివ్ మాస్) కార్ట్రిడ్జ్, మరల బరువు కలిపి గ్రాముల్లో తీసుకుని, కార్ట్రిడ్జ్ కంప్లయన్స్ అంకెతో, అంటే సూది కడ్డీ ఎంత సులువుగా వంగుతుందో చెప్పే అంకెతో, గుణించి, వర్గమూలం తీసి, దానితో 159ని భాగిస్తే ఆర్మ్ అనునాదం హెర్ట్జ్‌లలో వస్తుంది. అది 8కీ 12కీ మధ్య ఉండాలి: వంకర రికార్డుల ఊపుకు పైన, సంగీతానికి కింద. జపాన్ కంపెనీలు కంప్లయన్స్‌ను 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి కాబట్టి ఆ అంకెను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకుని లెక్కలో వేయాలి. డీఎల్-103 తేలిక ఆర్మ్ మీద ఈ హద్దు పై అంచున వేలాడుతుంది.

ఇవన్నీ ఎలాగో సర్దుకున్నా, దాని సూది చేత్తో ఊడదు. అరిగితే కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి, లేదా సూది తిరిగి అతికే నిపుణుడికి పంపాలి. ఏడాదికి 450 గంటలు వినే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అప్పుడప్పుడు ఆదివారాలు వినేవాళ్లకు అది సరిపోతే సరిపోవచ్చు.

వాల్వుల మీద నాకు కోపం లేదు. చీకట్లో ఆ ఎర్రటి వెలుగు చూస్తే ఎవరికైనా మనసవుతుంది. వాల్వు ప్రీయాంప్‌ను మూవింగ్ మాగ్నెట్‌తో వాడితే హాయిగా ఉంటుంది. 0.3 మిల్లీవోల్టుల నుంచి నేరుగా మొదలుపెట్టమంటే మాత్రం వాల్వు తన సొంత బుసను ముందు వినిపిస్తుంది, డబ్బాను వేలితో తడితే ఆ తట్టు కూడా స్పీకర్లో మోగుతుంది. అందుకే అలాంటి వాటిలో చాలావరకు లోపల ట్రాన్స్‌ఫార్మరో ట్రాన్సిస్టరో ముందు దాచిపెడతారు. ఇప్పుడు సూది మార్చండి, అమరిక సరిచూడండి, మూడు నెలలు వినండి. అప్పటికీ రెండు ప్రీయాంప్‌ల మధ్య విన్న ఆ చిన్న తేడా మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే విడి ప్రీయాంప్ కొనండి. మూవింగ్ కాయిల్‌కూ పనికొచ్చే గెయిన్ ఉన్నది తీసుకోండి, ఎప్పటికైనా మనసు అటు లాగితే డబ్బు రెండుసార్లు పోదు.

తాతగారి 78 రికార్డులను ఈ సూదితో వాయించకండి. వాటి గాడి ఎల్పీ గాడి కంటే రెండు మూడు రెట్లు వెడల్పు. మీ సూది గోడలను తాకకుండా అడుగున చెత్తలో కూలబడి దేకుతుంది. వాటికి 75 మైక్రాన్ల వ్యాసార్ధమున్న సూది కావాలి. మీ కార్ట్రిడ్జ్ ఒంటికే సరిపోయే 78 సూది అదే వరసలో దొరుకుతుంది, దానికి ఆర్మ్ బరువు 5 గ్రాముల దాకా పెంచాలి, తిరిగి ఎల్పీకి వచ్చేటప్పుడు తగ్గించడం మరవకూడదు. మీ టర్న్‌టేబుల్ 78 వేగంతో తిరుగుతుందో లేదో ముందు చూసుకోండి, బెల్టు రకాల్లో చాలా వాటికి ఆ వేగం లేదు. 1954కు ముందు కోసినవి ఆర్‌ఐఏఏ ప్రమాణం ఎరగవు, ఒక్కో కంపెనీది ఒక్కో వక్రరేఖ, కాబట్టి కింది స్వరాలు కాస్త ఎక్కువగానో పై స్వరాలు మూగగానో వినిపిస్తే టోన్ మీటలతో సర్దుకోండి. కడగాలనిపిస్తే ఎల్పీలకు వాడే ద్రవం వాటి మీద వేయకండి. వాటిలో చాలావాటిలో ఆల్కహాలు ఉంటుంది, ఆ రికార్డులు లక్కతో చేసినవి, ఆల్కహాలు తగిలితే లక్క కరుగుతుంది. శుద్ధి చేసిన నీటిలో ఒక్క చుక్క సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడి తుడిచి, మధ్యలోని కాగితం చీటీ తడవకుండా చూసి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.